కెమెరా వెనక, కెమెరా ముందు: మారిస్ విడాల్ పోర్ట్‌మన్ జీవితం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
- అండమాన్ దీవుల్లో వంద సంవత్సరాలకు పూర్వం ఫోటోలు ఎలా తీశారో వివరించగలుగుతారు.
- పోర్ట్‌మన్ పనిలోని మంచిచెడులను బేరీజు వేయగలుగుతారు.
- ఫోటో, వీడియో తీసేవారి బాధ్యత ఏమిటో మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు.

పాఠానికి ముందు

మీ ఇంట్లో పాత ఫోటో ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి తీసి చూడండి. మీ తాతగారో, నాయనమ్మగారో కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంటారు. ఆ ఫోటోలో ఉన్నది ఎవరో మీకు తెలుసు. కాని తీసినవారు ఎవరో బహుశా తెలియదు.

మీరిప్పుడు చదవబోయే కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇందులో ఫోటోలు తీసిన మనిషి పేరు పుస్తకాలకెక్కింది. ఫోటోల్లో ఉన్న మనుషుల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని పాఠం చదవండి. మీలో ఫోటోగ్రఫీ, వీడియో పని నేర్చుకుంటున్నవారు, నేర్చుకోవాలనుకుంటున్నవారు మరింత శ్రద్ధగా చదవండి.

1. దీవులు, దీవివాసులు

బంగాళాఖాతం పటం ఒకసారి చూడండి. విశాఖపట్నానికి ఆగ్నేయంగా, సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో పైనుంచి కిందికి వరసగా కొన్ని దీవులు కనిపిస్తాయి. అవే అండమాన్ దీవులు. వాటికి దక్షిణాన నికోబార్ దీవులు ఉన్నాయి. ఈ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024లో దీని పేరును శ్రీ విజయపురం అని మార్చారు. విశాఖపట్నం నుంచి, శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారు అక్కడ ఎందరో ఉన్నారు.

1857 తిరుగుబాటు తరవాత బ్రిటిష్ ప్రభుత్వం ఖైదీలను ఉంచడానికి ఒక దూర ప్రదేశం వెతికింది. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను ఏర్పాటు చేసింది. కాని ఆ దీవులు అప్పటికి ఖాళీగా లేవు. వేల సంవత్సరాలుగా అక్కడ మనుషులు జీవిస్తున్నారు. గ్రేట్ అండమానీలు, జరవాలు, ఓంగీలు, సెంటినెలీలు అక్కడి ఆదివాసులు. గ్రేట్ అండమానీలలోనే పది తెగలు ఉండేవి. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క భాష ఉండేది. వారు వేట, చేపలు పట్టడం, అడవి దుంపలు, తేనె మీద బతికేవారు.

ప్రభుత్వం 1863లో అండమాన్ హోమ్ అనే ఆశ్రయాన్ని నెలకొల్పింది. అక్కడికి వచ్చిన ఆదివాసులకు తిండి, పొగాకు ఇచ్చేవారు. పారిపోయిన ఖైదీలను పట్టుకోవడానికి వారినే వాడుకునేవారు. బయటివారి రాకపోకలతో పాటు బయటి రోగాలు కూడా వచ్చాయి. 1877లో తట్టు వ్యాపించింది. ఆ రోగం వారి శరీరాలకు కొత్త. అందుచేత ఎందరో చనిపోయారు.

పోర్ట్‌మన్ పోర్ట్ బ్లెయిర్‌లో అడుగు పెట్టేనాటికి పరిస్థితి ఇది.

2. పందొమ్మిదేళ్ల అధికారి

మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1860లో జన్మించాడు. పదహారో ఏట భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వ నౌకాదళంలో చేరాడు. 1879లో ఆయనను పోర్ట్ బ్లెయిర్‌కు పంపారు. అక్కడ ఆదివాసుల వ్యవహారాలు చూసే అధికారిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిది సంవత్సరాలు.

ఆలోచించండి. ఊళ్లో పందొమ్మిదేళ్ల కుర్రవాడికి పంచాయతీ లెక్కలు అప్పగించడానికే మనం సందేహిస్తాం. అక్కడ మాత్రం భాష తెలియని ఒక కుర్రవాడి చేతికి కొన్ని తెగల బతుకునే అప్పగించారు. మధ్య మధ్య సెలవుపై వెళ్లినా, ఇరవై సంవత్సరాల పాటు ఆయన ఆ ఉద్యోగంలో ఉన్నాడు.

ఆయన సోమరి కాడు. ఆదివాసుల భాషలు నేర్చుకున్నాడు. దక్షిణ అండమాన్ తెగల భాషలపై 1898లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆదివాసులతో ప్రభుత్వ సంబంధాల చరిత్రను 1899లో పెద్ద గ్రంథంగా వెలువరించాడు. నేటికీ పరిశోధకులు ఈ గ్రంథాలను తిరగేస్తూ ఉంటారు.

3. ఉత్తర సెంటినెల్ దీవిలో జరిగినది

పోర్ట్ బ్లెయిర్‌కు పడమటి దిక్కున ఉత్తర సెంటినెల్ అనే చిన్న దీవి ఉంది. దాని వైశాల్యం సుమారు 60 చదరపు కిలోమీటర్లు. అక్కడివారు బయటివారిని రానివ్వరు. 1880 జనవరిలో పోర్ట్‌మన్ పెద్ద బృందంతో ఆ దీవికి వెళ్లాడు. అడవిలో దారులు కనిపించాయి. ఖాళీ చేసిన గుడిసెలు కనిపించాయి. మనుషులు మాత్రం కనిపించలేదు. వారు అడవి లోపలికి తప్పుకున్నారు.

కొన్ని రోజులు వెతికాక ఒక ముసలి దంపతులు, నలుగురు పిల్లలు దొరికారు. పోర్ట్‌మన్ వారిని పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకువచ్చాడు. బహుమతులు ఇచ్చి తిరిగి పంపితే దీవివాసులకు నమ్మకం కలుగుతుందని ఆయన ఆలోచన. కాని ఆరుగురికీ జబ్బు చేసింది. ముసలి దంపతులు ఇద్దరూ చనిపోయారు. పిల్లలను బహుమతులతో సహా తిరిగి దీవిలో దించారు.

ఆ పిల్లలు తమవారితో ఏమి చెప్పి ఉంటారు? వారితో పాటు ఏ రోగమైనా దీవికి వెళ్లిందా? ఎవరూ చెప్పలేరు. ఈ యాత్ర వల్ల దీవివాసుల భయం పెరిగిందే తప్ప మరో లాభం కలగలేదని పోర్ట్‌మనే తన గ్రంథంలో ఒప్పుకున్నాడు.

ఆగి ఆలోచించండి: మంచి ఉద్దేశంతో చేసినా, ఎదుటివారి ఇష్టం అడగకుండా చేసిన పని ఎలా పరిణమించింది?

4. గాజు పలకల మీద బొమ్మలు

ఏడాది ఏడాదికీ ఆదివాసులు తగ్గిపోతున్నారు. పోర్ట్‌మన్ కళ్లముందే ఇది జరుగుతున్నది. వారు పూర్తిగా అంతరించిపోతారని ఆయన నమ్మాడు. వారు పోకముందే వారి రూపాన్ని, పనులను నమోదు చేసి ఉంచాలనుకున్నాడు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం కోసం ఫోటోలు తీయడం 1890 ప్రాంతంలో మొదలుపెట్టాడు. ప్రభుత్వం ఖర్చు భరించింది. మోల్స్‌వర్త్ అనే వైద్యుడు ఆయనకు తోడ్పడ్డాడు. చివరికి ఇది సంపుటాల కొద్దీ పెరిగింది. ఆ సంపుటాలు లండన్‌లోనూ, కలకత్తాలోనూ భద్రపరిచారు.

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత కష్టమో మీరు తెలుసుకోవాలి. ఇప్పటి ఫోన్లు అప్పుడు లేవు. కెమెరా ఒక పెద్ద చెక్కపెట్టె. దానిని మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టాలి. ఫిల్ము రీలుకు బదులు గాజు పలక వాడేవారు. పలకకు ఒకవైపు జెలటిన్ పూత ఉంటుంది. ఆ పూతలో వెలుగుకు మారిపోయే వెండి లవణాలు ఉంటాయి. ఒక ఫోటోకు ఒక పలక కావాలి. పలక పగిలితే ఫోటో పోయినట్లే.

అండమాన్ వాతావరణం ఈ పనికి అనుకూలం కాదు. అక్కడ సంవత్సరంలో ఎక్కువ నెలలు వానలే. గాలి నిండా తేమ. వేడికి జెలటిన్ మెత్తబడుతుంది. తేమకు బూజు పడుతుంది. చీకటి గదిలో పలకను మందునీళ్లలో కడగాలి, ఆరబెట్టాలి. తరవాత కాగితం మీద అచ్చు తీయాలి. పోర్ట్‌మన్ ప్లాటినం పూత కాగితం వాడాడు. ప్లాటినం త్వరగా వెలిసిపోదు. అందుకే ఆ ఫోటోలు నేటికీ స్పష్టంగా ఉన్నాయి.

5. పనివాడితనం

పోర్ట్‌మన్ 1896లో ఒక వ్యాసం రాశాడు. మానవజాతులను అధ్యయనం చేసేవారు ఫోటోలు ఎలా తీయాలో అందులో వివరించాడు. ఆయన వ్యాసాన్నీ, ఫోటోలనూ కలిపి చూస్తే పని నేర్చుకునేవారికి మూడు సంగతులు బోధపడతాయి.

మొదటిది స్పష్టత. ఆ కాలంలో అందం కోసం ఫోటోను మసకగా తీయడం ఒక వేడుకగా ఉండేది. ఈ పనికి అది పనికిరాదని పోర్ట్‌మన్ తేల్చి చెప్పాడు. కెమెరా కటకం దగ్గర వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది చేస్తే, ముందున్న వస్తువూ వెనకున్న వస్తువూ రెండూ స్పష్టంగా వస్తాయి. అయితే వెలుగు తక్కువగా పడుతుంది. కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఎదుటి మనిషి కదలకూడదు. ఈ సూత్రం మీ చేతిలోని కెమెరాకు కూడా వర్తిస్తుంది.

రెండవది వరస. ఆయన ఒక పనిని ఒకే ఫోటోతో సరిపెట్టలేదు. ఆదివాసులు బాడిసె తయారుచేస్తుంటే ఒక్కొక్క దశనూ వరసగా తీశాడు. విల్లు తయారీనీ అలాగే తీశాడు. ఈ ఫోటోలను ఒకదాని తరవాత ఒకటి చూస్తే పని మొత్తం కళ్లకు కట్టినట్లు అర్థమవుతుంది. సినిమా పుట్టింది 1895లో. క్షేత్ర పరిశోధనకు కదిలే బొమ్మల కెమెరాను మొదటగా తీసుకువెళ్లినది 1898లో. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన ఒక బృందం ఆ పని చేసింది. అంతకుముందే పోర్ట్‌మన్ నిశ్చల చిత్రాలతో కదలికను చెప్పే ప్రయత్నం చేశాడు. నేడు డాక్యుమెంటరీ తీసేవారు ముందుగా నేర్చుకునేది ఈ వరస కట్టడమే.

మూడవది రాత. ఫోటోతో పాటు ఆయన వివరాలు కూడా రాసి ఉంచాడు. ఎవరిది, ఏ తెగ, ఏమి చేస్తున్నారు అనేది రాయకపోతే కొన్నేళ్లకు ఫోటో మూగబోతుంది. మీ ఇంట్లోని పాత ఫోటో వెనక పేరు, సంవత్సరం రాసి ఉన్నాయా? లేకపోతే పెద్దలను అడిగి ఇప్పుడే రాయండి.

6. ఆయన నేర్చుకోని పాఠం

ఇప్పుడు కెమెరాకు ఇటువైపు వద్దాం. ఫోటోలో నిలబడిన మనిషి సంగతి చూద్దాం.

పోర్ట్‌మన్ ఫోటోలలో ఒక రకం పనులు చేసుకుంటున్నవారివి. రెండో రకం కొలతల కోసం తీసినవి. వాటిలో మనుషులను గళ్ల తెర ముందు నిలబెట్టారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీశారు. ఒంటి మీద దుస్తులు, నగలు ఉండకూడదన్నారు. ఎత్తు, తల చుట్టుకొలత, చేతుల పొడవు కొలిచి పట్టికలు నింపారు. ఆనాటి యూరపు పండితులు మనుషులను జాతులుగా విడదీసి, ఎక్కువ తక్కువలు నిర్ణయించాలనుకున్నారు. ఆ ఆలోచన తప్పని తరవాతి విజ్ఞానం రుజువు చేసింది. కాని అప్పటికి గళ్ల తెర ముందు ఎందరో నిలబడ్డారు.

వారు ఇష్టపడి నిలబడ్డారా? వారికి తిండి, పొగాకు ఇచ్చేది ఆయనే. జబ్బు చేస్తే ఆసుపత్రికి పంపేది ఆయనే. శిక్షించేది కూడా ఆయనే. అటువంటి దొర నిలబడమంటే కాదనడం ఎవరికి సాధ్యం? ఆ ఫోటోలు సముద్రాలు దాటి ఎక్కడికి పోతాయో, ఎవరు చూస్తారో వారికి తెలిసే అవకాశం లేదు. తమ ఫోటో మీద వారికి ఏ హక్కూ లేదు.

పోర్ట్‌మన్ క్రూరుడని అనలేం. తనకు తెలిసిన తీరులో ఆయన ఆదివాసులను అభిమానించాడు. బయటివారి స్పర్శ వల్లే వారు నశిస్తున్నారని గుర్తించి, ఆ మాట రాశాడు కూడా. అయినా ఆ బయటివారిలో తానూ ఒకడినని గుర్తించి పక్కకు తప్పుకోలేదు. కటకం తిప్పడం, వెలుతురు కొలవడం, వరస కట్టడం ఆయనకు తెలుసు. ఎదుటి మనిషిని అడగడం, కాదంటే కెమెరా మూయడం ఆయన నేర్చుకోలేదు.

7. ఆ తరవాత

1901 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది మాత్రమే తేలారు. ఆ కాలానికే పోర్ట్‌మన్ ఉద్యోగం ముగిసి ఇంగ్లండు వెళ్లిపోయాడు. అక్కడే 1935లో మరణించాడు. 1961 లెక్కల్లో గ్రేట్ అండమానీలు 19 మంది మిగిలారు. తరవాత వారి సంఖ్య కొద్దిగా పెరిగింది. ప్రభుత్వం వారికి స్ట్రెయిట్ ద్వీపంలో నివాసం ఏర్పాటు చేసింది.

వారి భాషల్లో ఒకటైన బో భాష మాట్లాడే చివరి వ్యక్తి బోవా సీనియర్ అనే వృద్ధురాలు. ఆమె 2010 జనవరిలో కన్నుమూసింది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే అన్వితా అబ్బి అనే భాషా శాస్త్రవేత్త ఆమెతో స్నేహం చేసి, ఆమె మాటలను, పాటలను రికార్డు చేసింది. ఇదీ నమోదు చేయడమే. కాని ఇక్కడ దొర, దాసుడు అనే తేడా లేదు. చెప్పేవారు తమ ఇష్టంతో చెప్పారు. వినేవారు కూర్చుని విన్నారు.

కెమెరా మాత్రం ఉత్తర సెంటినెల్‌ను వదలలేదు. 1974లో ఒక డాక్యుమెంటరీ చిత్రం కోసం ఒక బృందం ఆ దీవి తీరానికి వెళ్లింది. దీవివాసులు బాణాలు వేశారు. బృందంలో ఒకరికి తొడలో బాణం దిగింది. 1991 జనవరిలో మరో బృందం వెళ్లింది. అందులో మధుమాల చటోపాధ్యాయ అనే మానవ శాస్త్రవేత్త ఉంది. ఆమె కొబ్బరికాయలను నీటిలోకి వదిలింది. దీవివాసులు వచ్చి వాటిని అందుకున్నారు. ఆనాడు ఎవరినీ పట్టుకుపోలేదు. ఆ తరవాత కొన్నేళ్లకు ప్రభుత్వం ఇటువంటి యాత్రలను కూడా ఆపివేసింది. వారిని వారి మానాన వదిలేయడమే మేలని నిర్ణయించింది.

8. చట్టం, మీరు

అండమాన్ ఆదివాసుల రక్షణకు 1956లో ఒక చట్టం చేశారు. అనుమతి లేకుండా వారి ప్రాంతంలోకి బయటివారు వెళ్లకూడదు. జరవాల అడవి మధ్యగా ఒక పెద్ద రహదారి పోతుంది. ఆ దారిన వెళ్లే యాత్రికులు జరవాల ఫోటోలు తీయకూడదు. అయినా 2012లో ఒక వీడియో బయటపడింది. అందులో కొందరు జరవా స్త్రీలచేత తిండి ఆశ చూపి నాట్యం చేయిస్తున్నారు. దేశమంతా సిగ్గుపడింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి శిక్షలను కఠినం చేశారు. ఆదివాసుల ఫోటోలు, వీడియోలు తీయడం నేరం. దానికి జైలు శిక్ష ఉంది.

గమనించారా? గళ్ల తెర పోయింది. గాజు పలక పోయింది. చేతిలో ఇమిడే ఫోను వచ్చింది. కాని పోర్ట్‌మన్ నేర్చుకోని పాఠం నూటఇరవై ఏళ్ల తరవాత కూడా కొందరు నేర్చుకోలేదు.

మీరు రేపు కెమెరా పట్టుకుంటారు. పెళ్లి తీస్తారు. చావు ఇంటికి వెళ్లవలసి వస్తుంది. ఆసుపత్రిలో రోగి ముందో, వరదలో ఇల్లు పోయిన మనిషి ముందో నిలబడవలసి వస్తుంది. కెమెరా మీ చేతిలో ఉంది కాబట్టి ఆ క్షణాన బలం మీది. అప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి నన్ను తీయనిచ్చాడా? కాదనగల స్థితిలో ఉన్నాడా? ఈ బొమ్మ రేపు ఎక్కడికి పోతుందో నేను అతనికి చెప్పానా?

పోర్ట్‌మన్ ఫోటోలను మనం పారవేయలేం. ఎందుకంటే, ఎన్నో అండమానీ కుటుంబాల ముఖాలు మిగిలింది వాటిలోనే. ఆ ముఖాలను ఆయన కాపాడాడు. ఆ మనుషుల మాట మాత్రం ఆయన వినలేదు. పని నేర్చుకునేటప్పుడు ఆయన చేతి నేర్పును తీసుకోండి. ఆయన అడగని మాటను మీరు అడగండి.

మీరేం నేర్చుకున్నారు?

- పోర్ట్‌మన్ 1879 నుంచి ఇరవై ఏళ్లు అండమాన్ ఆదివాసుల అధికారిగా పనిచేశాడు.
- స్పష్టత, వరస, రాత అనేవి ఆయన ఫోటోలలోని మంచి గుణాలు.
- ఫోటోలోని మనిషి ఇష్టాన్ని లెక్కచేయకపోవడం ఆయన పనిలోని పెద్ద లోపం.
- నేడు అండమాన్ ఆదివాసుల ఫోటోలు తీయడం చట్టప్రకారం నేరం.

కొత్త పదాలు

కటకం: వెలుగును ఒకచోటికి చేర్చే అద్దం
జలసంధి: రెండు సముద్ర భాగాలను కలిపే సన్నని నీటిదారి
బాడిసె: చెక్కను చెక్కే పనిముట్టు
నిశ్చల చిత్రం: కదలని బొమ్మ

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ఉత్తర సెంటినెల్ యాత్ర గురించి పోర్ట్‌మన్ తరవాత ఏమని ఒప్పుకున్నాడు?
2. కెమెరా రంధ్రాన్ని చిన్నది చేస్తే కలిగే లాభం ఏమిటి? నష్టం ఏమిటి?
3. పోర్ట్‌మన్ ముందు నిలబడినవారు కాదనలేకపోవడానికి కారణాలు రాయండి.

చేసి చూడండి

మీ ఊళ్లో ఒక పనివారిని ఎంచుకోండి. కుమ్మరి కావచ్చు, వలలు అల్లేవారు కావచ్చు. ముందుగా వారి అనుమతి అడగండి. ఒప్పుకుంటే వారి పనిని మొదటి నుంచి చివరి వరకు ఆరు ఫోటోలలో చూపండి. కెమెరా లేకపోతే ఆరు బొమ్మలు గీయండి. ఒక్కొక్క దాని కింద రెండేసి వాక్యాలు రాయండి. పూర్తయ్యాక మొదటగా వారికే చూపించండి.